రెసిన్ శిల్పం, డిజిటల్ చిత్రం: పదార్థం సాయపడని చోట

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ కూడలిలో ఆగినా ఒక ఫైబర్ విగ్రహం ఎదురవుతుంది. జయంతికో వర్ధంతికో మళ్లీ రంగు పూయించుకునే ఈ విగ్రహాల వల్లనేమో, రాయి, కంచు అయితే శిల్పమనీ, రంగు వేసిన రెసిన్ (ఈ ఫైబర్ విగ్రహాలకు వాడే, ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) అయితే ఉత్త బొమ్మ అనీ ఒక అభిప్రాయం మనలో పాతుకుపోయింది. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలను, పానగల్లు సోమేశ్వరాలయాలను చూస్తూ పెరిగినవారికి అది సహజంగానే తోచవచ్చు. ఒకే కళాకారుడు రెసిన్ శిల్పాలూ చేసి, కంప్యూటర్ మీద బొమ్మలూ గీస్తే, ఆయనకు ఒక దారంటూ లేదనే మాట కూడా వినిపిస్తుంది. ఈ రెండు మాటలూ నాకు సమ్మతం కావు.

1956లో సూర్యాపేటలో పుట్టి, బరోడాలో శిల్పకళ చదివిన జి.రవీందర్ రెడ్డి ప్రపంచానికి తెలిసింది ప్రధానంగా పాలియెస్టర్ రెసిన్, ఫైబర్‌గ్లాస్‌తో చేసి రంగులద్దిన స్త్రీల తలల వల్లనే. మనిషి ఎత్తును మించిన ఆ తలల్లో కొన్నింటికి బంగారు పూత ఉంటుంది. విప్పారిన కళ్లు రెప్ప వాల్చవు. పెదవులు ఎర్రగా మెరుస్తాయి. కొప్పు మాత్రం పూలతో సహా అచ్చంగా మన ఊరి ఆడవాళ్లదే. ఆ పనిని రాతిలో చేసి ఉంటే రాతి రంగు, గరుకుదనం తమ వంతు గాంభీర్యాన్ని అప్పనంగా ఇచ్చేవి. రెసిన్ ఏమీ ఇవ్వదు. మట్టి నమూనా మీద అచ్చు తీసి, అందులో రెసిన్, గాజు నారతో చేసిన ఫైబర్ మ్యాట్ పొరలు పరిచి, గట్టిపడ్డాక అతుకులకు లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్దితే మిగిలేది తనదంటూ ఏ గుణమూ లేని ఒక నున్నటి ఉపరితలం. దాని మీద కనుపాప ఎంత నలుపు ఉండాలో, చెంప మీద వెలుగు ఎక్కడ ఆగాలో శిల్పే తేల్చుకోవాలి, తప్పినా దాన్ని కప్పిపెట్టే మరక కూడా అక్కడ దొరకదు.

డిజిటల్ చిత్రానిదీ ఇదే పరిస్థితి. నీటిరంగు కాగితం మీద దానంతటదే పారి ఒక అందం తెచ్చిపెట్టవచ్చు గానీ, తెర మీద అలాంటి అదృష్టం అరుదు. కుంచె గరుకుదనాన్ని కూడా ఎంచుకుని మరీ వేయాలి. అందుకే గీత రానివారి పని అక్కడ ఇట్టే బయటపడుతుంది. (రెడీమేడ్ బ్రష్‌లు, ఎఫెక్ట్‌లు గుప్పించి ఆ లోటును దాచే ప్రయత్నాలకు మన సోషల్ మీడియా పోస్టర్లలో కొదవ లేదు.) తెలంగాణ రాజముద్ర రూపకర్త ఏలే లక్ష్మణ్ పాత నల్లగొండ జిల్లాకు చెందినవారే. పల్లె మనుషులను కాన్వాస్ మీద గీసిన ఆయన, పుస్తకాల ముఖచిత్రాలూ వేశారు. కాకతీయ తోరణం, చార్మినార్ ఉన్న ఆ ముద్ర ఉత్తరం పైభాగాన వేలిగోరంత ఉన్నా, కార్యాలయం గోడ మీద నిలువెత్తు ఉన్నా ఒకేలా పోల్చుకోగలిగి ఉండాలి. కాన్వాస్ మీద రంగు మందంతో సాధించేదాన్ని ఇక్కడ గీతతోనే సాధించాలి. ఈ వైవిధ్యాన్ని దారి తప్పడమంటే ఎలా?

అయితే రెసిన్ శిల్పానికీ డిజిటల్ చిత్రానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఒకే అచ్చు నుంచి నాలుగు రెసిన్ తలలు తీసినా, చేత్తో రంగు వేసేసరికి ఏ తలకు ఆ తలే అవుతుంది. డిజిటల్ ఫైలు నుంచి ఎన్ని ప్రింట్లు తీసినా చిత్రం మారదు. రెండు రంగాల్లోనూ పనిచేసేవారిని అంచనా వేసేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: శిల్పంలో రంగును చివరి పూతగా వాడారా, లేక రూపాన్నే మార్చే శక్తిగా వాడారా? తెర మీది చిత్రంలో కళాకారుడి ఎంపిక కనిపిస్తోందా, లేక సాఫ్ట్‌వేర్ ఇచ్చిందే మిగిలిందా?

కొనేవారి వైపు నుంచి కూడా ఒక మాట. ఎండలో ఉంచిన రెసిన్ కాలక్రమంలో పసుపెక్కుతుంది, రంగు వెలుస్తుంది. ఫైలును తెరిచే సాఫ్ట్‌వేరే మూలన పడవచ్చు. కాబట్టి వాడిన రంగుల వివరాలు, అచ్చు నుంచి తీసిన ప్రతుల సంఖ్య, ప్రింట్ల సంఖ్య కళాకారుడు సంతకం చేసిన కాగితం మీద ఉండాలని కొనేటప్పుడే అడగాలి.