షుగర్ దాచమని చెప్పే ఆ మెసేజ్‌ని ఇక పంపకండి

"ఆభా కార్డు తీసుకుంటే మీ పని అయిపోయినట్టే" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. ఆభా అంటే మన వైద్య రికార్డులను ఒకచోట ముడివేసేందుకు ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఐడీ నంబరు. ఇదివరకు అపార్ట్‌మెంట్ గ్రూపులో, బంధువుల గ్రూపులో చూశాను. ఈసారి పంపింది నాతో చదువుకున్నవాళ్లు. అందుకే జవాబు రాయాలనిపించింది.

చూడనివాళ్ల కోసం, అందులో ఉన్నది ఇదీ: ఆభా లేకపోతే ఆస్పత్రిలో చేర్చుకోరట. 5 లక్షల వైద్యం ఆశ చూపి జనానికి అంటగడుతున్నారట. మన రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒకే సర్వర్‌లో పడతాయట. ఇన్సూరెన్స్ కంపెనీలు వాటిని తెరిచి చూసి క్లెయిములు కొట్టేస్తాయి కాబట్టి షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఎక్కడా రికార్డు లేకుండా చూసుకోవాలట, పాలసీ ఫారంలోనూ రాయకూడదట. చివరగా, హ్యాకర్లు మన జబ్బుల చిట్టా అమ్ముకుంటారట.

మొదటి రెండూ తేలిగ్గా తేలిపోతాయి. ఆభా తీసుకోవడం మన ఇష్టం. వద్దనుకుంటే తర్వాత తొలగించుకోవచ్చు కూడా. ఇక 5 లక్షల వైద్యం 2018లో వచ్చిన జన ఆరోగ్య యోజనది. ఆభా ఒక 14 అంకెల నంబరు, అంతే. రెండింటికీ "ఆయుష్మాన్ భారత్" అనే పేరే తగిలించి జనాన్ని తికమక పెట్టింది మాత్రం ప్రభుత్వమే.

ఢిల్లీ సర్వర్ సంగతి. మీ రక్తపరీక్ష రిపోర్టు ఆ ల్యాబ్ దగ్గరే ఉంటుంది, డిశ్చార్జ్ సమ్మరీ ఆ ఆస్పత్రి దగ్గరే ఉంటుంది. ఆభా నంబరు వాటిని మీ పేరుకు ముడివేస్తుంది. ఇంకెవరైనా చూడాలంటే ముందు మీ ఫోనుకు అనుమతి కోరుతూ రిక్వెస్ట్ రావాలి. ఎవరు అడుగుతున్నారు, ఎందుకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్న రికార్డులు, ఎన్నాళ్లు చూస్తారు అనేవి అందులో ఉంటాయి. కాదనవచ్చు, తగ్గించి ఇవ్వవచ్చు, ఇచ్చాక వెనక్కి తీసుకోవచ్చు. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఈ పద్ధతి ఇదే. ఆభా యాప్ తెరిచి చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. మెసేజ్ రాసినవాళ్లు అదీ చేయలేదు.

ఇక నాకు కోపం తెప్పించిన నాలుగో పాయింటుకు వస్తాను. జబ్బు దాచమని చెప్పడం సలహా కాదు, మనుషుల్ని గోతిలోకి తోయడం.

ఇన్సూరెన్స్ కంపెనీకి మీ రికార్డు అందడానికి ఆభాయే కావాలా? క్యాష్‌లెస్ అడిగిన రోజే ఆస్పత్రి మీ కేస్ షీటు, రిపోర్టులు, పాత జబ్బుల వివరాలు టీపీఏకి, అంటే కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకు, పంపుతుంది. రిపోర్టులు ఆన్‌లైన్‌లో పంపి అనుమతి తెచ్చుకోవడం ఆరోగ్యశ్రీ రోజుల నుంచీ మనకు తెలిసిందే. పదేళ్లుగా మాత్రలు వేసుకుంటున్న షుగర్‌ని ఐసీయూలో ఎలా దాస్తారు? ఫారంలో "లేదు" అని రాసి సంతకం పెట్టిన కాగితం వాళ్ల దగ్గర ఉంటుంది. క్లెయిము కొట్టేయడానికి వాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

అదే ఫారంలో నిజం రాస్తే ఏమవుతుంది? ప్రీమియం కొంత పెరగవచ్చు. పాత జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ పెడతారు. 2024 ఏప్రిల్ నుంచి అది గరిష్ఠంగా మూడేళ్లే, అంతకుముందు నాలుగేళ్లుండేది. ఆ గడువు దాటితే ఆ జబ్బుకూ పాలసీ వర్తిస్తుంది. "ఐదేళ్లు దాచితే ఇక అడగరు కదా" అని ఒకరు గ్రూపులో రాశారు. 60 నెలలు ఆగకుండా కట్టిన పాలసీని, విషయం దాచారనే కారణంతో ప్రశ్నించకూడదన్న నిబంధన ఉన్నమాట నిజమే. మోసం రుజువైతే అది వర్తించదన్న ముక్క కూడా అందులోనే ఉంది. తెలిసి తెలిసి "లేదు" అని రాయడాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

మెసేజ్ రాసినవాళ్లకు తట్టని విషయం ఇంకొకటుంది. రికార్డు పేషెంటు తరఫు సాక్ష్యం. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు "షుగర్ ఎప్పటినుంచి?" అని అడుగుతారు. కంగారులో ఉన్న కొడుకో అల్లుడో "చాలా ఏళ్ల నుంచండీ" అనేస్తారు. కేస్ షీటులో "పదేళ్లుగా" అని పడుతుంది. పాలసీ తీసుకుని నాలుగేళ్లే అయింది. ఆ ఒక్క మాట పట్టుకుని, జబ్బు దాచి పాలసీ తీసుకున్నారని క్లెయిము ఆపేస్తారు. పాలసీ తీసుకున్న ఏడాది హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) నార్మల్‌గా ఉన్నట్టు తేదీతో ఉన్న ల్యాబ్ రిపోర్టు చూపగలిగితే, హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లినా మీ చేతిలో ఆధారం ఉంటుంది. ఆ రిపోర్టు ఎక్కడ? బీరువా పైన ప్లాస్టిక్ కవర్‌లో. ఈసీజీ కాగితమైతే ఈపాటికి తెల్లగా వెలిసిపోయి ఉంటుంది.

అసలు వైద్యం మాట చూద్దాం. కాంట్రాస్ట్ మందు ఎక్కించి సీటీ స్కాన్ తీసేముందు, షుగర్ పేషెంటు కిడ్నీలు ఎలా ఉన్నాయో, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకుంటున్నారో లేదో డాక్టరుకు తెలియాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పాత రిపోర్టు పక్కన పెట్టి చూస్తేనే ఇప్పటి అంకె పెరిగిందా, ఎప్పుడూ అంతేనా అన్నది తెలుస్తుంది. ఒంగోలులో చూపించుకుని హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు వచ్చే మనిషికి అవే పరీక్షలు మళ్లీ రాయడం ఎందుకు? రికార్డు లేకుండా చూసుకోమనేవాళ్లు, రేపు ఆ మనిషి స్పృహ లేకుండా పడి ఉంటే పెన్సిలిన్ పడదన్న సంగతి డాక్టరుకు ఎవరు చెప్పాలో కూడా రాయాల్సింది.

ఈ రికార్డుల వల్ల ఇన్సూరెన్స్ కంపెనీలకు లాభం లేదా? ఉంది. లేని రోగికి రాసిన బిల్లులు, దిద్దిన రిపోర్టులు పట్టుబడతాయి. అవి తగ్గితే మనకు నష్టమేమిటి? క్యాష్‌లెస్ మీద గంటలో, డిశ్చార్జ్ బిల్లు మీద మూడు గంటల్లో తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. కాగితాలు స్కాన్ చేసి పంపుకుంటూ కూర్చుంటే అది జరిగేది కాదు.

హ్యాకర్ల పాయింటు దగ్గర మాత్రం నేను ఆ మెసేజ్‌తో చాలావరకు ఏకీభవిస్తాను. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే రోజుల తరబడి ఓపీ చేతిరాతతో నడిచింది. కోవిడ్ టీకాకు ఆధార్ చూపించిన చాలామందికి, అడగకుండానే హెల్త్ ఐడీ సృష్టించారు. అది తప్పే. ఇష్టమైతేనే అని చెప్పి, మనిషికి తెలియకుండా నంబరిస్తే నమ్మకం ఎలా కలుగుతుంది? ఇప్పటికీ కొన్ని ఓపీ కౌంటర్లలో "ఓటీపీ చెప్పండి" అనడమే తప్ప దేనికో చెప్పరు.

ఇంకో భయం కూడా సరైనదే. అడ్మిషన్ డెస్క్ దగ్గర, లోపల మనిషి స్ట్రెచర్ మీద ఉండగా, ఇన్సూరెన్స్ తరఫున వచ్చిన రిక్వెస్ట్‌ను ఎవరు చదువుతారు? టెన్షన్‌లో ఓకే నొక్కేస్తాం. అలా తీసుకున్నది అనుమతే కాదు. ప్రస్తుత చికిత్సకు సంబంధించిన తేదీలు, రికార్డులు మించి క్లెయిము కోసం అడగకూడదని ఐఆర్‌డీఏఐ కచ్చితంగా నియమం పెట్టాలి. ఈలోగా, రిక్వెస్ట్ వస్తే అందులోని తేదీలు మీరే తగ్గించి ఇవ్వండి. గడువు కూడా క్లెయిము తేలేదాకానే పెట్టండి.