కుక్కర్ రబ్బరు

ఆదివారం పొద్దున్నే మా కుక్కర్ కూత మానేసింది. మూత చుట్టూ బుసలు కొడుతోంది తప్ప వెయిట్ లేవడం లేదు. మా ఆవిడ మూత తీసి, రబ్బరు ఊడబెరికి నా చేతికిచ్చింది. "సాగిపోయిందండీ. ఇదే సైజుది పట్టుకురండి. ఇదొక్కటే." ఆ 'ఇదొక్కటే' అన్న తీరులో మా పన్నెండేళ్ళ సంసార చరిత్రంతా ఉంది.

రబ్బరుని గాజులా చేతికి తగిలించుకుని బీసెంట్ రోడ్డుకి బయల్దేరాను. మహా అయితే నూటయాభై రూపాయల పని.

కొట్టబ్బాయి దాన్ని వేలితో తిప్పి చూసి, "ఇంకా ఈ పాత మోడలే వాడుతున్నారా సార్?" అన్నాడు. కుక్కర్ గురించి కాదు, నా జీతం గురించి అడిగినట్టనిపించింది. పాతది తెచ్చిస్తే ఆరొందలు తగ్గిస్తారట. కొత్తదానికి ఇండక్షన్ అడుగట, గ్యాసు మీదా కరెంటు మీదా పనిచేస్తుందట.

"మాకు ఇండక్షన్ స్టవ్ లేదయ్యా" అన్నాను. అదే నేను చేసిన తప్పు. 'లేదు' అని నోటితో అనేదాకా అది లేదన్న సంగతే నాకు తెలీదు. అన్నాక, పాపం అది లేకుండా ఇన్నాళ్ళూ ఎలా బతికామా అని దిగులు పట్టుకుంది.

ఎలుకలు గోచీ కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాల కోసం ఆవుని కొని, ఆవుని చూసుకోవడానికి పెళ్ళి చేసుకున్న సన్యాసి కథ చిన్నప్పుడు విని తెగ నవ్వాను. ఆయనకి ఈఎంఐ సౌకర్యం లేదు కాబట్టి నిదానంగా మునిగాడు. నేను పన్నెండు గంటలకల్లా కుక్కరూ స్టవ్వూ ఆటోలో వేసుకుని ఇంటికొచ్చేశాను.

స్టవ్ ప్లగ్గుకి లావు కాళ్ళు. మా మిక్సీ బోర్డులో దూరలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి, "రెండువేల వాట్లు సార్, తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుద్ది. ఇది ఆరు ఆంపియర్ల బోర్డు, కాలిపోద్ది" అని, గోడ పగలగొట్టి గీజర్ లైన్లోంచి వైరు లాగాడు. పద్నాలుగొందలు.

తర్వాత గిన్నెలు. అయస్కాంతం అంటుకునే గిన్నెలే ఆ స్టవ్ మీద వేడెక్కుతాయట. ఫ్రిజ్ తలుపుకున్న తిరుపతి వెంకన్న మాగ్నెట్ తీసి ఒక్కో గిన్నెకీ పెట్టి చూశాను. మేం సిల్వర్ అని పిలుచుకునే అల్యూమినియం గిన్నెల మీద నిలవలేదు, నాయనమ్మ ఇత్తడి గిన్నె మీదా నిలవలేదు. చివరికి అట్ల పెనం మీద టక్కున నిలిచాడు స్వామి. పెనం మీద పప్పు వండలేం కదా! మళ్ళీ బీసెంట్ రోడ్డు. మూడు గిన్నెల సెట్టు, పంతొమ్మిదొందలు.

సాయంత్రం మా ఆవిడ విచారణ మొదలెట్టింది.

"ఈ గిన్నెలెందుకు?"

"స్టవ్ కోసం."

"స్టవ్?"

"కుక్కర్‌కి ఇండక్షన్ అడుగుంది కదా, వృథాగా పోతుందనీ..."

"కుక్కర్?"

"రబ్బరు సాగిపోయిందన్నావుగా!"

"మరి రబ్బరేదీ?"

చేతికి చూసుకున్నాను. పాతదే, గాజులా అలాగే వేలాడుతోంది.

సరే, ప్రారంభోత్సవం చేద్దామని కొత్త స్టవ్ మీద కొత్త కుక్కర్ పెట్టి మీట నొక్కాను. అదే టైముకి మా అబ్బాయి స్నానానికని గీజర్ వేశాడు. కాసేపటికి టప్‌మని ఎంసీబీ పడిపోయింది, ఇల్లంతా చీకటి. సెల్‌ఫోన్ వెలుగులో కుక్కర్ని తీసి గ్యాసు మీద పెట్టింది మా ఆవిడ. ఏం మాట్లాడలేదు. మాట్లాడినా బాగుండేది.

ఇక ఆరొందల సంగతి. పాత కుక్కర్ ఇవ్వనంటే ఇవ్వనని అమ్మ అడ్డం కూర్చుంది. "అది మీ నాన్న బోనస్ డబ్బుల్తో కొన్నదిరా. నీ ఆరొందలూ నువ్వే ఉంచుకో" అంది. నా దగ్గర ఉంటే కదా!

తెల్లారి లేచేసరికి వంటింట్లోంచి మూడు కూతలు, పాత కుక్కర్ గొంతు. పరిగెత్తాను. రెండూ ఒకే కంపెనీ, రెండూ ఐదు లీటర్లవే. కొత్తదాని రబ్బరు ఊడదీసి పాతదానికి బిగించేసింది అమ్మ. "అచ్చం సరిపోయిందిరా!" అని మురిసిపోతోంది.

ఇప్పుడు కొత్త కుక్కర్‌కి రబ్బరు కావాలి. ఈసారి మా అబ్బాయిని పంపిస్తున్నారు, చేతిలో సరిగ్గా నూటయాభై రూపాయలు పెట్టి.