వాటా ధర్మం

వైద్యంలో నీతి అడుగంటిందని వాపోయేవారు చరిత్ర చదవనివారని, చదివి ఉంటే ఒక్కసారి శ్రీకాకుళం వచ్చి, వేల ఏళ్ళ నాటి ప్రమాణాలు ఇక్కడ అక్షరాలా అమలవుతున్న తీరు చూసి చేతులు జోడించేవారని నా నిశ్చితాభిప్రాయం.

హిప్పోక్రటీసు పేరిట చెలామణీ అయ్యే గ్రీకు వైద్యుల ప్రమాణం అపోలో దేవుడి సాక్షిగా మొదలవుతుంది. ఆ దేవుణ్ణి తర్వాతివారు సూర్యుడిగా భావించారు కనుక, అరసవల్లిని పక్కనే పెట్టుకున్న మాకు సాక్షికి లోటు లేదు. అందులో రోగి కంటే ముందు వచ్చేవాడు గురువు. అతణ్ణి కన్నవారితో సమానంగా చూడాలి, అవసరమైతే సంపాదనలో వాటా పంచాలి. శరీరం సంగతి నేర్పిన గురువు కళాశాలలో జీతం పుచ్చుకున్నాడు; వృత్తిలో బతకడం నేర్పిన గురువు మాత్రం నరసన్నపేట అవతలి పల్లెల నుంచి రోగిని ఆటోలో ఎక్కించుకుని వచ్చే ఆర్‌ఎంపీ గారే. అందుచేత వాటా ఆయనకు చేరుతుంది. కృతజ్ఞతను కమీషన్ అని పిలవడం మన భాషాదారిద్ర్యం.

ఆయుర్వేద గ్రంథమైన చరక సంహితలో విమానస్థానమనే భాగంలో శిష్యుడికి అగ్నిసాక్షిగా చెప్పే నియమాలలో, తెలిసినవాడు తోడు లేకుండా రోగి ఇంట అడుగు పెట్టరాదన్నది ఒకటి. నేటి వైద్యులు ఇళ్ళకు వెళ్ళరు కాబట్టి ఆ నియమాన్ని వృథా పోనివ్వక రోగికి వర్తింపజేశారు. కిందటి వానాకాలం మా మావయ్య కడుపునొప్పితో ఒక నర్సింగ్ హోముకు ఒంటరిగా వెళితే, కౌంటరులో అడిగిన మొదటి ప్రశ్న "ఎవరు పంపారు?" అని. "కడుపునొప్పే పంపింది" అని ఆయన ఉన్న నిజం చెప్పి, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చున్నారు. మర్నాడు ఆర్‌ఎంపీ గారు "మనోళ్ళే బాబూ, బాగా చూస్తారు" అంటూ వెంటబెట్టుకు వెళ్ళాక, గంటలో రక్తం, మూత్రం, స్కానింగ్ పూర్తయి, అది గ్యాసని తేలింది.

రోగి రహస్యాలు బయటపెట్టరాదని గ్రీకులూ చరకుడూ ఇద్దరూ చెప్పారు. మందుల చీటీని విప్పి చదవగలవాడు మెట్ల కింది మందుల షాపువాడు ఒక్కడే కావడం ఆ గోప్యతకు పరాకాష్ఠ. మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని 2016లో నిబంధన సవరించినవారికి ఈ సూక్ష్మం అందలేదు.

వైద్యాన్ని సరుకుగా అమ్ముకునేవాడు బంగారు రాశిని వదిలి మట్టికుప్పను ఆశ్రయించినట్టేనని కూడా చరకుడు అన్నాడు. పాపం, జాతీయ రహదారి వెంబడి మట్టిని గజాల లెక్కన అమ్మే కాలం వస్తుందని ఆయనకేం తెలుసు?

1803లో వైద్యనీతి మీద పుస్తకం వెలువరించిన థామస్ పెర్సివల్ వెనుక మాంచెస్టర్ ఆసుపత్రి వైద్యుల తగవు ఉంది. మా పట్టణంలో తగవులే లేవు. అందరూ ఒకే స్కానింగ్ సెంటరుకు పంపుతారు.

ఈ మహత్తర పరంపరకు అడ్డొచ్చింది 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ఒక్కటే. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వరాదు, పుచ్చుకోరాదు అని అది పట్టుబట్టింది. అయితే 2020లో ఆ మండలినే తీసేసి, దాని స్థానంలో జాతీయ వైద్య కమిషన్‌ను ఏర్పాటు చేశారు. ఆ వార్త చదివి మా ఆర్‌ఎంపీ గారు, "ఇన్నాళ్ళకు మన పేరే పెట్టారు బాబూ, దీర్ఘం ఒక్కటే మరిచారు" అని పేపరు మడిచి, ఆటో పిలిచారు.