స్వామీ అని పిలిచిన నలభై ఒక్క రోజులు

మొన్న బతుకమ్మ నాడు హైస్కూల్ జిమ్‌లో జరిగింది మీలో చాలామంది చూశారు. దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన మన చెల్లె ఒకామె మొదటిసారి మైకు పట్టుకుంది. రెండేళ్లుగా ప్రతి పండుగకు సత్తుపిండి, మలీద ముద్దలు తెచ్చి, టేబుల్ వెనకాలే నిలబడి వెళ్లిపోయే మనిషి. ఆ రోజు మాత్రం తన అసలు పేరు పక్కనపెట్టి, "నేను దేవరకొండ దేవక్కను, నా మాట గట్టిగుంటది, ఏమనుకోకుండ్రి" అని మొదలుపెట్టి పది నిమిషాలు అందర్నీ ఆడించింది. అంతలో ముందు వరుస నుంచి ఆమె భర్తే, "ఇంట్ల గొంతే లేవదు, ఈడ యాక్షన్ జూడుండ్రి" అన్నాడు. జిమ్ అంతా గొల్లుమంది. ఆమె మైకు పక్కామె చేతిలో పెట్టి, కిందపడ్డ బంతిపూలు ఏరుతూ కూర్చుంది.

నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రాత్రి మా నాయిన గుర్తొచ్చాడు.

నకిరేకల్ దగ్గర మా ఊరు. నాయినకు సాయంత్రమైతే తాగుడు. ఎవరు తిట్టినా, ఎన్ని ఒట్లు పెట్టించినా రెండు రోజులే. కానీ ఏటా మాల వేసుకుంటే మాత్రం నలభై ఒక్క రోజులు ముట్టేవాడు కాదు. తెల్లవారుజామున నాలుగింటికి బావి దగ్గర బొక్కెన చప్పుడు వినిపించేది. నల్ల లుంగీ, చెప్పుల్లేని కాళ్లు, చాప మీద పడక. మా నాయనమ్మ కన్నకొడుకును "స్వామీ" అని పిలిచేది, ఆయన ఆమెను "మాతా" అనేవాడు. మొదటి వారం కర్పూరం వెలిగిస్తుంటే చెయ్యి వణికి రెండు మూడు అగ్గిపుల్లలు ఆరిపోయేవి. మూడో వారానికి ఒక్క పుల్లకే అంటుకునేది.

శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రోజే గడప దగ్గర ఎవరో ఒకరు, "ఏం రా, వేషం ఇప్పినవా? దా పోదాం" అనేవారు. పోయేవాడు.

ఆ నలభై ఒక్క రోజులు ఆపింది అయ్యప్పే అని అమ్మ నమ్మకం. నేను కాదనను. కానీ పొద్దున లేస్తే ఊరంతా ఆ పేరు పెట్టి పిలిచింది చూశారా, అది కూడా ఆయన చెయ్యి పట్టుకుందని నాకనిపిస్తుంది.

అమెరికాలో 180 మంది నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలకు పది నిమిషాల విసుగు పుట్టించే పని ఇచ్చి, పక్కనే ఐప్యాడ్ ఆట పెట్టి చూశారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. "నేను కష్టపడుతున్నానా" అని తమను తామే ప్రశ్నించుకున్న పిల్లల కంటే, తమ పేరు పెట్టి తమను ప్రశ్నించుకున్నవాళ్లు ఎక్కువసేపు చేశారు. అందరికంటే ఎక్కువసేపు నిలబడింది మాత్రం బ్యాట్‌మ్యాన్ లాంటి వేషం వేసుకుని, "బ్యాట్‌మ్యాన్ కష్టపడుతున్నాడా" అని ప్రశ్నించుకున్నవాళ్లు.

ఉన్నది ఉన్నట్టు ఉండాలి, వేషాలెందుకు అని మనలో పెద్దలు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. ఒకరి బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ ఇచ్చే మోసం మనవాళ్లలో ఎందరి బతుకులకు మచ్చ తెచ్చిందో తెలుసు. అది ఎదుటివాణ్ణి ముంచడానికి వేసే వేషం. దేవక్క ఎవర్ని ముంచింది? మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టి, చిత్రగుప్త వంటి మారుపేర్లతో కూడా రాశారు. ఆ రాతలు అబద్ధమని ఎవరన్నారు?

ఇంట్లో లేవని గొంతు మైకు ముందు లేచిందంటే, లేని గొంతు తెచ్చి పెట్టుకుందని కాదు. ఇంట్లో దానికి చోటు దొరకలేదని.

కమిటీ వాళ్లకు నా మనవి: ఉగాదికి మైకు ఆమెకే ఇవ్వండి. కరపత్రంలో దేవరకొండ దేవక్క అనే వేయండి. ఎదురుపడితే ఆ పేరుతోనే పిలవండి. తమ్ముడూ, నీ మీద నాకు కోపం లేదు, నీ మాటకు నేనూ నవ్వాను. ఈ సంచిక నీ చేతికొచ్చిన రోజు, వంటింట్లోకి పోయి ఒక్కసారి "దేవక్కా" అని పిలువు.