కప్పగారికి వాస్తు చూడబడును

ఈ వ్యాసానికి మూలకారణం నాలుగంగుళాల ప్లాస్టిక్ పెట్టె. టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన, ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల మనవాళ్ళు కిక్కిరిసి కాపురముంటున్న ప్రాంతంలో ఒకానొక దుకాణం గల్లా పక్కన, చూయింగ్ గమ్ పొట్లాలకూ సెల్‌ఫోన్ తొడుగులకూ నడుమ అది కొలువై ఉంది. లోపల గుప్పెడు రంగు గులకరాళ్ళు, ఒక వెదురు మొలక, రెండు ఆఫ్రికా మరుగుజ్జు కప్పలు. పైన అంటించిన చీటీలో ఉన్నదాని సారాంశం ఏమిటంటే, మీ పిల్లల మొదటి కప్పకు ఇదే సరైన ఇల్లు, దీనికి హీటరు అక్కరలేదు, ఫిల్టరు అక్కరలేదు, వారానికి రెండు సార్లు నాలుగు గింజలు మేత పడేస్తే మిగతా సంగతి ప్రకృతి మాత చూసుకుంటుంది.

మానవజాతి సాధించిన విజయాలలో దీనికి దక్కవలసిన స్థానం ఇంకా దక్కలేదని నా అభిప్రాయం. మన ఇంటికి ఏసీ ఫిల్టరు మార్చాలి, పచ్చిక కోయించాలి, కోయించకపోతే కాలనీ సంఘం వారి తాఖీదు అందుకోవాలి. అటువంటిది, రెండు ప్రాణులు అందులోనే తిని, అందులోనే విసర్జించి, ఆ నీళ్ళలోనే ఈదుతూ బతకడానికి మాత్రం ఏ నిర్వహణా అవసరం లేని గృహాన్ని కనిపెట్టిన మేధావి ఎవరో గాని, అతణ్ణి అదే నిష్పత్తిలో కట్టిన గదిలో ఒక్క వారం అద్దె లేకుండా ఉంచాలని నా కోరిక. వెదురు మొలక మాత్రం తప్పక పెట్టిస్తాను.

ఈ కప్పల పుట్టిల్లు మధ్య, పశ్చిమ ఆఫ్రికాలోని నెమ్మది నీళ్ళు. జీవితమంతా నీళ్ళలోనే గడిపినా వీటికి ఊపిరితిత్తులే ఉంటాయి గనక పైకి వచ్చి గాలి పీల్చుకుని మళ్ళీ కిందికి పోతాయి. చూపు అంతంత మాత్రం. మేతను వాసనతో వెతుక్కుంటాయి. నీళ్ళు 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. విసర్జించిన వ్యర్థం నీళ్ళలో అమోనియాగా మారుతుంది. దాన్ని విరగ్గొట్టే బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి వారాలు పడుతుంది. కనీసం ఇరవై లీటర్ల తొట్టి, హీటరు, ఫిల్టరు, మూత ఉంటే ఈ జంట హాయిగా బతుకుతుంది. ఇవేవీ లేని పెట్టెలో అవి ఎన్నాళ్ళు ఉంటాయని అడిగితే దుకాణంలోని కుర్రవాడు, చచ్చిపోతే రసీదు చూపించండి, వేరేవి ఇస్తాం అన్నాడు.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. 2008 నుంచి 2011 వరకు అమెరికాలో ఈ మరుగుజ్జు కప్పల మూలంగా సాల్మొనెల్లా అనే, కడుపును పాడుచేసే బాక్టీరియా సోకినట్టు లెక్కకు వచ్చినవారు 44 రాష్ట్రాలలో 376 మంది. వారి మధ్యస్థ వయసు 5 ఏళ్ళు. ఐదేళ్ళలోపు పిల్లల చేతికి కప్పలను, ఆ నీళ్ళను అందనివ్వవద్దనీ, తొట్టిని వంటింటి సింకులో కడగవద్దనీ ఆరోగ్య శాఖ వారు చెబుతూనే ఉన్నారు. మనవాళ్ళు అదే సింకులో కడిగి, అదే సింకులో కొత్తిమీర కడుగుతారు.

ఇక కప్పను ఎంచుకోవడమనే మహత్కార్యం. మా ఎరికలో ఒక గృహస్థు ఉన్నాడు. ఆయన కొడుక్కి ఎనిమిదో ఏడు రాగానే పెంపుడు జంతువు కావాలన్నాడు. కుక్క అంటే తల్లికి సోఫా మీద వెంట్రుకల బెంగ. పిల్లి అంటే నాన్నమ్మకు శకున భయం. అన్నీ కొట్టేయగా కప్ప మిగిలింది. పిల్లవాడికి నచ్చింది సూరినామ్ అడవుల విషకప్ప, నీలం రంగు డార్ట్ కప్ప. బందీలో పుట్టి పెరిగిన ఈ కప్పకు విషం ఉండదు, ఎందుకంటే ఆ విషం అడవిలో అది తినే చీమల నుంచీ పురుగుల నుంచీ వచ్చేదే. ఆ మాట విని తల్లి ఊపిరి పీల్చుకుంది. దానికి రోజూ ఎగరలేని చిన్న చిన్న పండుఈగలను సీసాలో సాకి పెట్టాలన్న మాట విని పీల్చిన ఊపిరి మళ్ళీ వదిలింది. అరటిపళ్ళ బుట్ట మీద ఉచితంగా ముసిరేవి పనికిరావా అని తండ్రి అడిగాడు గాని, అవి ఎగురుతాయి.

తండ్రి మొగ్గు దక్షిణ అమెరికా కొమ్ముకప్ప వైపు. దాన్ని ఇక్కడ ప్యాక్‌మ్యాన్ కప్ప అంటారు. కళ్ళ దాకా మట్టిలో కూరుకుని, మేత నోటి దగ్గరికి వచ్చేదాకా కదలకుండా కూర్చునే ఈ ప్రాణిలో ఆయనకు తన మేనేజరు కనిపించాడు. పక్కన ఇంకో కప్పను పెడితే దాన్ని మింగుతుంది. వేలు పెడితే వేలు కరుస్తుంది. ఆ విషయంలోనూ పోలిక కుదిరిందట. నిజానికి మట్టిలో రెండు కళ్ళు చూసి తృప్తిపడే పిల్లవాడికి ఇది మంచి కప్పే. అటువంటి పిల్లవాడు ఇంకా పుట్టలేదు. దుకాణంలో అన్నిటికంటే చవకగా దొరికే ఆకుపచ్చ చెట్టుకప్ప ఈ టెక్సాస్ గడ్డ మీదిదే. అమ్మకానికి వచ్చే వాటిలో చాలా మటుకు వాగుల పక్కన పట్టుకొచ్చినవి, ఒంట్లో పరాన్నజీవులతో, గాజుకు ముక్కు రాసుకుని పుండు చేసుకుని ఉంటాయి. బందీలో పుట్టినదేనా అని అడిగితే కుర్రవాడి సమాధానం పచ్చి కప్పదాటు.

నన్ను అడిగితే ఆస్ట్రేలియా, న్యూగినీల వైట్స్ చెట్టుకప్ప. పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, నెమ్మదస్థురాలు, బందీలో పుట్టినవి తేలికగా దొరుకుతాయి. కళ్ళు తేటగా ఉండి, కాళ్ళు ముడుచుకుని గాజును గట్టిగా పట్టుకుని, చర్మం మీద పుండు లేనిదాన్ని, మన కళ్ళెదుట ఒక కీచురాయిని మింగినదాన్ని తీసుకోవాలి. ఆయుర్దాయం 15 నుంచి 20 ఏళ్ళు. మనవాళ్ళ గ్రీన్‌కార్డు వరసకు దీటుగా బతికే పెంపుడు జంతువు ఇదొక్కటే గనక ఇంతకంటే తగినది నాకు తోచలేదు. ఈ ఇరవై ఏళ్ళ మాట చెప్పినప్పుడు గృహస్థు ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు.

తొట్టి కొన్నారు. 45 సెంటీమీటర్ల పొడుగు, అంతే వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు. చెట్లెక్కే కప్పకు ఎత్తు ముఖ్యం. అంతవరకు బాగానే ఉంది. పెట్టేది కొత్త ఇంట్లో, పెట్టేది ప్రాణి నివాసం, అందుచేత వాస్తు చూపించవలసిందే అని గృహస్థు నిశ్చయించాడు. రాజమహేంద్రవరంలోని సిద్ధాంతిగారికి వీడియో కాల్ కలిపారు. అక్కడ తెల్లవారుజాము.

"యజమాని జన్మనక్షత్రం ఏమిటి నాయనా?" అని సిద్ధాంతిగారు అడిగారు.

"నాదాండి, కప్పదాండి?"

సిద్ధాంతిగారు కొంతసేపు ఆలోచించారు. నివసించేవారే యజమాని అనుకుంటే కప్ప నక్షత్రం తెలియాలి. కట్టించినవారే అనుకుంటే గృహస్థుది. అప్పు ఎవరి పేర ఉందో వారే అనుకుంటే క్రెడిట్ కార్డు బ్యాంకుది. చివరికి పిల్లవాడి పేర సంకల్పం చెప్పుకోవచ్చునని తీర్పు వచ్చింది. ఈశాన్యంలో నీళ్ళ గిన్నె. ఆగ్నేయంలో అగ్ని గనక వేడి బల్బు. నైరుతిలో బరువు గనక ఎక్కడానికి పెట్టే లావుపాటి కర్రదుంగ. నడుమ బ్రహ్మస్థానం ఖాళీగా వదలాలి, అక్కడ ఎవరూ కూర్చోరాదు. ఈ చివరి నియమం కప్పకు ఎవరు చెబుతారన్న ప్రశ్న రాలేదు. బల్బు ఒక మూల, నీళ్ళు ఇంకో మూల ఉండడంతో వేడి వైపు, చల్లని వైపు వేరుపడ్డాయి. కప్పకు కావలసినదీ అదే. కాకపోతే అది శాస్త్రం పుణ్యమో యాదృచ్ఛికమో నేను తేల్చబోను.

"సింహద్వారం ఎటు ఉంది?" అన్నది తరువాతి ప్రశ్న. తొట్టి తలుపు దక్షిణానికి ఉంది. "అయ్యో, యమస్థానం కదా! తూర్పుకు తిప్పండి." తూర్పు వైపు పెద్ద కిటికీ. ఆ కిటికీకి ఎదురుగా, తలుపు సూర్యభగవానుడి కేసి ఉండేటట్టు తొట్టిని నిలబెట్టారు. టెక్సాస్‌లో జులై నెల. ఎండ నేరుగా పడిన గాజుతొట్టి లోపలి వేడి, అద్దాలు బిగించి పార్కింగులో వదిలేసిన కారులో ఎంత ఉంటుందో అంత. ఈ కప్పకు పగలు 24 నుంచి 29 డిగ్రీలు చాలు, రాత్రి 20కి దిగినా ఇబ్బంది లేదు. ఎంత వేడి ఉందో తెలియడానికి థర్మామీటరు, తేమ తెలియడానికి ఇంకో మీటరు ఉండాలి గదా అని నేనన్నాను. నవగ్రహాలనూ సర్దిన తరవాత ఇంకా మీటరేమిటని గృహస్థు నా వైపు జాలిగా చూశాడు.

నాన్నమ్మ సోఫాలోంచి కదలకుండా అంతా గమనిస్తోంది. "ఒరేయ్ అబ్బాయ్, కోనసీమలో వానాకాలం వస్తే కప్పల్ని చీపురుతో బయటికి తోలలేక చచ్చేవాళ్ళం. దీనికి మేడ కడుతున్నావా?" అంది. అడుగున పరచడానికి తెచ్చిన ఇటుకను నీళ్ళలో వేయగానే అది ఉబ్బి బకెట్టెడు గోధుమరంగు పొట్టు అయింది. నాన్నమ్మ లేచి వచ్చి చిటికెడు తీసి వాసన చూసి, "ఇది కొబ్బరి పొట్టు కదరా. మన దొడ్డి వెనకాల గుట్టలు పోసి ఉండేది. దీనికి డబ్బులిచ్చావా?" అంది. ఆ ఇంట్లో ఆ రోజు సత్యం పలికినది ఆవిడ ఒక్కతే. అయినా కొబ్బరి పొట్టే మంచిది. గులకరాళ్ళు పరిస్తే మేతతో పాటు ఒక రాయి కూడా మింగి, అది పేగులకు అడ్డుపడి కప్ప చస్తుంది.

తొట్టిని సిద్ధం చేసి, కప్ప లేకుండా కనీసం వారం పాటు నడిపి, వేడీ తేమా నిలకడగా ఉన్నాయని చూసుకున్నాకే కప్పను తేవాలి. గృహస్థు బుధవారమే కప్పను తెచ్చాడు, ముహూర్తం గురువారం. ఆ రాత్రంతా కప్పగారు పెరుగు డబ్బాలో విడిది చేశారు.

నీళ్ళ దగ్గర మళ్ళీ శాస్త్రచర్చ. కుళాయి నీళ్ళు బిందెలో రాత్రంతా ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుందని మన తాతల నాటి జ్ఞానం. ఉత్తి క్లోరిన్ అయితే నిజమే. ఈ ఊళ్ళకు నీళ్ళిచ్చే నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ వారు మాత్రం నీళ్ళలో కలిపేది క్లోరమైన్, అంటే క్లోరిన్, అమోనియా కలిసినది, అది బిందెలో ఉంచితే పోదు. ఏటా వసంతకాలంలో కొన్నాళ్ళు మాత్రం ఉత్తి క్లోరిన్‌కు మారతారు. కప్ప నోటితో నీళ్ళు తాగదు, చర్మంతో తాగుతుంది. నీళ్ళలో ఏది ఉంటే అది నేరుగా ఒంట్లోకి పోతుంది. క్లోరమైన్‌ను కూడా విరిచే మందు సీసా నాలుగు డాలర్లకు దొరుకుతుంది. సిద్ధాంతిగారికి కట్నం నూటపదహారు డాలర్లు పంపినవారు ఆ సీసా మాత్రం అనవసర ఖర్చు అన్నారు.

మేత సంగతి క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే ఆ ఇల్లు శాకాహారుల ఇల్లు. కప్ప రెండు కళ్ళ నడుమ ఎంత ఎడముందో అంతకు మించని బతికున్న కీచురాళ్ళు, పైన కాల్షియం పొడి చల్లి, పెద్ద కప్పకు వారానికి రెండు మూడు సార్లు పెట్టాలి. మిగిలినవి తీసేయాలి, లేకపోతే అవే కప్ప చర్మాన్ని కొరుకుతాయి. ఇది విని ఇల్లాలు, పనీర్ ముక్క పెడితే తినదా అని అడిగింది. కప్పకు కదిలేదే ఆహారం. పట్టకారుతో పట్టుకుని ఆడిస్తే పనీరైనా మింగుతుంది, అక్కడే వచ్చింది చిక్కు. ఆ పని చేయవద్దని ఈ పత్రికాముఖంగా వేడుకుంటున్నాను.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఇక నవ్వలేను. మూడు నెలల తరవాత పిల్లవాడికి విసుగు పుడుతుంది, రాత్రి కప్ప అరుపుకు నిద్ర చెడుతుంది, ఇండియా ప్రయాణానికి టికెట్లు తీస్తారు. అప్పుడు ఒక ఆదివారం సాయంత్రం తండ్రీ కొడుకూ డబ్బాలో కప్పను పెట్టుకుని కాలనీ చెరువు గట్టుకు వెళ్ళి, దానికి స్వేచ్ఛ ప్రసాదించి, ఫొటో తీసుకుని, పుణ్యం మూటగట్టుకుని వస్తారు. పుణ్యమా? ఆస్ట్రేలియా కప్ప టెక్సాస్ చలికాలంలో చస్తుంది, అది దాని కర్మ అనుకోండి. అది చచ్చేలోగా తన ఒంటి మీది కైట్రిడ్ బూజును ఆ నీళ్ళలో వదిలిందనుకోండి. చర్మంతో కూడా ఊపిరి పీల్చుకుని, చర్మంతో నీళ్ళు తాగే జాతికి చర్మాన్నే తినే రోగం అది. ఒంట్లోని లవణాల లెక్క తప్పి చివరకు గుండె ఆగిపోతుంది. ఆ బూజు పుట్టుక ఆసియాలో అనీ, ఉభయచరాల వ్యాపారం వెంట ప్రపంచమంతా తిరిగిందనీ 2018లో జన్యుపరిశోధన తేల్చింది. ఆ మరుసటి ఏడు సైన్స్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం దాని మూలంగా కనీసం 501 ఉభయచర జాతులు క్షీణించాయి, వాటిలో 90 అంతరించిపోయినట్టే. తొంభై జాతులండీ! ఒక్కొక్కటీ కోట్ల ఏళ్ళ పరిణామంలో తయారైనది. నాలుగంగుళాల పెట్టె అమ్మినవాడికీ, ముహూర్తం పెట్టించుకుని కొన్నవాడికీ, గట్టు మీద ఫొటో తీసుకున్నవాడికీ ఈ లెక్కలో వాటా ఉంది. ఏ ఒక్కరి ముఖంలోనూ సిగ్గన్నది కనబడదు.

డబ్బా పట్టుకుని గుమ్మం దిగిన తండ్రిగారూ, వెనక్కి రండి. సరీసృపాలనూ కప్పలనూ చేరదీసే సంఘాలు ఈ రాష్ట్రంలో ఉన్నాయి, వాళ్ళకు ఫోను చేయండి. కప్పల వంటి అరుదైన పెంపుడు జంతువులను చూసే పశువైద్యుణ్ణి అడగండి. వాళ్ళు ఎత్తేదాకా కప్పను తొట్టిలోనే ఉంచండి, తొట్టిని ఆ కిటికీ దగ్గర నుంచి జరపండి, పాత నీళ్ళను ఆరుబయట పారబోయకండి. మూత సరిగ్గా వేయండి.