స్టీరింగ్ మీద గంటలు ఎవరు లెక్కపెట్టాలి?

విజయవాడ హైవేలో ఔటర్ రింగు రోడ్డు దాటితే బాటసింగారం. 2022లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును అక్కడి లాజిస్టిక్ పార్కుకు తరలించారు. పగటిపూట పెద్ద బండ్లకు నగరంలోకి నో ఎంట్రీ కాబట్టి బేగంబజారులోనో ఉస్మాన్‌గంజ్‌లోనో దిగాల్సిన లోడు చీకటి పడేదాకా ఊరి బయటే ఆగాలి. అలా ఆగిన ఇద్దరు డ్రైవర్ల మధ్య వాదన ఇది. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. ఒకాయనది నల్లగొండ వైపు, వయసు యాభై దాటింది, జీతానికీ ట్రిప్పు బత్తాకీ నడుపుతాడు. రెండో అతను కృష్ణా జిల్లా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డాడు. ఫైనాన్సులో తీసుకున్న బండికి తనే ఓనరు, తనే డ్రైవరు. డ్రైవరు రోజుకు ఇన్ని గంటలే నడపాలన్న పరిమితిని గట్టిగా అమలు చేయాలా, వద్దా అన్నది విషయం.

ఓనర్ డ్రైవర్: ముందే చెప్తున్నా అన్నా, నిద్ర లేకుండా నడపాలని నేననట్లేదు. గంటలు దాటితే ఫైను, ఇంకా దాటితే లైసెన్సు మీద దెబ్బ అంటూ లెక్కంతా డ్రైవరు నెత్తిన పెట్టొద్దంటున్నా. ఫైనాన్సు వాడు గంటలు చూడడు, తేదీ చూస్తాడు. బండి తిరిగితేనే నాకు డబ్బు.

జీతం డ్రైవర్: కొత్త రూలు వచ్చినట్టు మాట్లాడుతున్నవ్ తమ్మీ. నువ్వు, నేను పుట్టకముందుదే అది. 1961ల మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48. దూరం బండ్లకు అనుమతి ఉంటే రోజుకు 10, వారానికి 54. ఐదు గంటలు నడిపితే కనీసం అరగంట ఆగాలె. వారానికో రోజు సెలవు. ఎక్కువ చేపిస్తే డబుల్ కూలి. ఎవలకన్న ముట్టిందా ఆ డబుల్ కూలి? ఇన్నేండ్లల్ల రోడ్డు మీద ఆపినోళ్లు కాయితాలు అడిగిండ్రు, ఓవర్‌లోడు అడిగిండ్రు. ఎన్ని గంటల సంది నడుపుతున్నవని ఒక్కలు అడగలె.

ఓనర్ డ్రైవర్: ఆ చట్టం ఐదుగురూ అంతకు మించీ పనివాళ్లున్న సంస్థలకే కదా. నాకున్నది ఒక్క బండి. నాకు నేనే ఓనర్ని. నన్ను నేనే డబుల్ కూలి అడగనా?

జీతం డ్రైవర్: 1988 మోటారు వాహనాల చట్టంల 91వ సెక్షన్ చూడు. రవాణా బండి నడిపెటోళ్ల పనిగంటలు ఆ 1961 చట్టం ప్రకారమే ఉండాలన్నది. ఇప్పుడు ఆ 1961 చట్టాన్ని కార్మిక కోడ్‌ల కలిపిండ్రు, 2025 నవంబర్ 21 సంది అమలు. అండ్ల గూడ రోజుకు 8 గంటలే. నాకు ఒక్కటే బండి, నాకు వర్తించది అని నువ్వనుకోవచ్చు. నీకు ఎదురుంగ వచ్చే బస్సుల కూసున్నోళ్లకు నీకెన్ని బండ్లున్నయో తెల్వది గదా.

(చట్టం ఎవరి దాకా వస్తుందన్న పేచీ ఇంకాసేపు సాగింది. అది వకీళ్లు తేల్చాల్సింది కాబట్టి వదిలేస్తున్నాను. అసలు సంగతి నిద్ర దగ్గర మొదలైంది.)

జీతం డ్రైవర్: మనిషి 17 గంటలు మేలుకున్నడంటే, రక్తంల 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నోనితోని సమానంగ తడబడ్తడని పరీక్షలు పెట్టి తేల్చిండ్రు. మన దేశంల 0.03 దాటితేనే డ్రంకెన్ డ్రైవ్ కేసు. పొద్దుగాల ఐదింటికి లేచి, పగలంత లోడింగు కాడ నిలవడి, రాత్రి పదకొండింటికి నువ్వు చౌటుప్పల్ కాడ నడుపుతున్నవనుకో. పద్దెనిమిది గంటలాయె. మిషిన్ల ఊదితే సున్నా వస్తది, పో అంటరు. గంటకు 80 మీద పోయే బండి సెకనుకు 22 మీటర్లు ఉరుకుతది. మూడు సెకన్లు రెప్ప వాలితే 66 మీటర్లు. ఇరవై, ముప్పై టన్నుల బరువు అంత దూరం ఎవ్వల చేతుల లేకుంట పోతది.

ఓనర్ డ్రైవర్: ప్రతి మాటా ఒప్పుకుంటా. ఇప్పుడు నేనొకటి అడుగుతా, చెప్పు. ఆ మనిషి స్టీరింగ్ ఎక్కి ఎంతసేపైంది? లోడింగు అయ్యాకే కదా ఎక్కాడు. రెండు గంటలో, మూడు గంటలో. నీ ఎనిమిది గంటల రూలు వాణ్ణి ఇంకో ఐదు గంటలు నడపమంటుంది. తెల్లారి నాలుగింటి దాకా. అప్పుడు ఆ రూలు ఎవర్ని కాపాడినట్టు?

(పెద్దాయన వెంటనే జవాబివ్వలేదు. ఇద్దరి మాటల్లోనూ అన్నిటికన్నా బలమైనది ఇదేనని నాకనిపిస్తుంది. చక్రం తిరిగిన గంటలనే లెక్కపెట్టే ఏ పరిమితైనా అలసటలో సగాన్ని చూడదు.)

ఓనర్ డ్రైవర్: ఆగు అన్నా, ఇంకా ఉంది. మిల్లు గేటు దగ్గర టోకెన్ తీసుకుంటాం. ఎప్పుడు పిలుస్తాడో తెలీదు. పడుకుంటే వరస పోతుంది. బండి తూకానికి ధర్మకాంటాకి ఒకసారి, మళ్లీ వెనక్కి ఒకసారి. హమాలీలు రాలేదంటారు, ఇన్వాయిసు కాలేదంటారు, టార్పాలిను మనమే కట్టుకోవాలి. నువ్వు చెప్పిన 1961 చట్టంలోనే, టెర్మినల్ దగ్గర ఊరికే కాచుకుని ఉండే సమయం పావుగంటలోపు అయితేనే పనిగంటల్లో కలుస్తుందని ఉంది. పది గంటలు కాచుకో, అది పనికాదు! వాళ్ల దృష్టిలో ఆ పది గంటలూ నేను విశ్రాంతి తీసుకున్నట్టు.

జీతం డ్రైవర్: ఆ పావుగంట ముచ్చట తప్పే. బస్సు స్టాండుల బస్సు ఆగుడును చూసి రాసినట్టున్నది, మిల్లు గేటును చూసి రాయలె. దాన్ని మార్చాలె. గని మార్చాలె అంటే లెక్క పెంచాలె అని అర్థం తమ్మీ, లెక్కే వద్దనుడు గాదు. అమెరికల చూడు, 11 గంటలు నడపొచ్చు గని డ్యూటీ ఎక్కినప్పటి సంది 14 గంటలల్ల ముగించాలె. కాచుకున్నది గూడ ఆ 14ల పడ్తది. యూరప్‌ల నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలె, రోజుకు 9 గంటలు, వారంల రెండుసార్లు 10. బండ్ల మిషిన్ ఉంటది, అదే రాసుకుంటది.

ఓనర్ డ్రైవర్: ఆ 14 గంటల మీద అక్కడి డ్రైవర్లే మొత్తుకున్నారన్నా. గోడౌన్లో ఐదు గంటలు నిలబెడితే గడియారం ఆగదు, మిగిలిన టైములో గమ్యం చేరాలని తొక్కాల్సి వస్తోందని. గడియారం డ్రైవరు దగ్గరుంది, ఆలస్యం గోడౌన్‌వాడి చేతిలో ఉంది. ఇక్కడా అదే జరుగుతుంది. వాడికి ఏ ఫైనూ ఉండదు, నేను మాత్రం సూర్యాపేట దాటేసరికి గంటలైపోయాయని నూరు మీద తోలాలి.

జీతం డ్రైవర్: యాక్సిడెంటు అయినంక ఏం రాస్తరో చూసినవా? 2022ల దేశంల రోడ్ల మీద 1,68,491 మంది సచ్చిపోయిండ్రు. కేంద్రం ఏటా వేసే లెక్కల అతివేగం ఉంటది, తాగి నడుపుడు ఉంటది, రాంగ్ సైడు, రెడ్ లైటు, సెల్‌ఫోను ఉంటయి. నూటికి 70 మంది పైన అతివేగం కిందనే. నిద్రకు గడి లేదు. కునుకు పట్టి ఆగిన బండిని గుద్దినోడు బ్రేకు తొక్కడు గదా, అది గూడ అతివేగం కిందకే పోతది. సచ్చినోడు చెప్పడు. బతికినోడు నిద్రవోయిన అని చెప్తె జైలుకు పోతడు. నిద్ర వల్ల ఎంతమంది పోయిండ్రో మన ప్రభుత్వానికే తెల్వది. గంటల లెక్క రాసుడు మొదలువెడ్తెనే ఆ గడి పుడ్తది.

ఓనర్ డ్రైవర్: పుట్టిన గడిలో రాసేది డ్రైవరు పేరేగా! 2024 జనవరిలో స్టీరింగులు వదిలేసి ఎందుకు కూర్చున్నాం? గుద్ది పారిపోతే పదేళ్ల దాకా జైలని కొత్త శిక్షాస్మృతిలో పెట్టినందుకు. రెండు రోజులకే హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల బారులు. 106వ సెక్షన్లో ఆ రెండో భాగాన్ని ఆపిపెట్టారు కాబట్టి సరిపోయింది. రోడ్డు మీద ఏం జరిగినా ముందు దొరికేది మనమే. అందుకే గంటల లెక్కకు కొత్త పుస్తకం అంటే భయం.

జీతం డ్రైవర్: ఆ భయం నాకు గూడ ఉన్నది. గని మన పక్కన ఉన్న రూలును ఎత్తేసిననాడు మనం సమ్మె చెయ్యలె. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలె అని ఉండె. 2018ల తీసేసిండ్రు. ఫాస్టాగు, ట్రాకింగ్ పరికరం ఉంటే ఒక్కడు చాలన్నరు. పరికరం బండి ఏడున్నదో చెప్తది, నడిపెటోని కండ్లు తెరిచి ఉన్నయా అన్నది చెప్పది. అంతకుముందు గూడ మస్తు బండ్లల్ల రెండో డ్రైవరు కాయితం మీదనే, ఉండేది క్లీనరు. అయినగాని అడిగే హక్కన్న ఉండె. ఇప్పుడు క్లీనరు గూడ లేడు. కునుకు వస్తుంటే మాట్లాడెటోడు లేక డ్రైవర్లు ఖైనీ నములుతున్నరు, ఇంకేందేందో మింగుతున్నరు.

(ఇక్కడ ఇద్దరి మధ్యా తేడా లేదు. ఓనర్ డ్రైవర్ తల ఊపాడు, ఇద్దరికి జీతమిచ్చేంత కిరాయి మార్కెట్లో లేదని మాత్రం అన్నాడు. కిరాయి ఎవరు నిర్ణయిస్తారో, డీజిలు పెరిగినప్పుడు అదెందుకు పెరగదో చర్చ మొదలైతే తెల్లవారేది.)

ఓనర్ డ్రైవర్: సరే, ఆగుదామన్నా. ఎక్కడ ఆగాలి? ఔటర్ 158 కిలోమీటర్లు. పక్కన ఆపితే పోలీసులు లేపుతారు, లేపడం కూడా న్యాయమే, ఆపిన బండిని కారు వచ్చి గుద్దితే మనుషులు పోతున్నారు. హైవే మీద ధాబా దగ్గర ఆపితే డీజిలు తీస్తారు, టార్పాలిను కోస్తారు. తగ్గిన సరుకు నా కిరాయిలోంచి కోత. డబ్బు కట్టి పడుకునే చోటు కొన్ని బంకుల్లో పెట్టారు, దొరికితే మంచిదే. దొరకనిచోట ఎనిమిదో గంటకు సరిగ్గా కొండ ఎక్కుతుంటే ఏం చెయ్యను? మే నెల మధ్యాహ్నం ఆ కేబిన్లో పడుకున్నవాడికి తెలుస్తుంది, పడుకోవడం కన్నా నడపడమే హాయని. ఏసీ కేబిను 2025లో రూలు అమలైనాక తయారైన బండ్లకే. నాది పాతది.

జీతం డ్రైవర్: చోటు లేదన్నది నిజం. టోలు కట్టించుకునేటోళ్లనే అడగాలె, పంతంగి కాడ, కొర్లపహాడ్ కాడ బండ్లు నిలిపేటందుకు గోడ, లైటు, కాపలా పెట్టమని. గని తమ్మీ, చోటు వచ్చినంక రూలు అంటే చోటు రాదు. ఆగాలె అన్న రూలు ఉంటేనే చోటు అడిగే బలం వస్తది. ఇప్పుడు ఎవ్వలు ఆగుతలేరు, ఇంక ఎవ్వలకు కట్టాలె అంటరు.

ఓనర్ డ్రైవర్: నువ్వన్నది నిజమే కావచ్చు. కానీ ఆ రెండింటి మధ్య కాలం ఎవరి జేబులోంచి పోతుంది?

జీతం డ్రైవర్: నీకు అంత తొందర పెడ్తున్నది ఎవలు, చట్టమా? ఈ-వే బిల్లు చూడు, సరుకుతోని పోయే జీఎస్టీ కాయితం. 2021 సంది 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. ముంబై 700 కిలోమీటర్లు, అంటే నాలుగు రోజులు ఇస్తున్నది. రోజుకు ఎనిమిది గంటలు, గంటకు నలభై చొప్పున పోయినా మూడో రోజుకు చేరుతవ్. ప్రభుత్వం నాలుగు రోజులు ఇస్తే, రేపు రాత్రికి దిగాలె అన్నది సరుకు పంపే పార్టీ. లేటయితే కిరాయి కోస్త అన్నది పార్టీ. నువ్వు కొట్లాడాల్సింది గంటల మీద కాదు, ఆ మాట మీద.

ఓనర్ డ్రైవర్: (కాస్త ఆగి) ఆ నాలుగు రోజుల సంగతి నేనెప్పుడూ పార్టీ ముందు పెట్టలేదు. పెడితే వేరే బండి చూసుకుంటాడు.

జీతం డ్రైవర్: అందుకే అందరికి రూలు కావాలంటున్న. నువ్వొక్కనివే ఆగితే లోడు పోతది. అందరు ఆగాల్సిందే అంటే ఏ బండిని చూసుకుంటడు? ఫాస్టాగుల ప్రతి టోలు టైము ఉన్నది. ఏ బండి ఎన్ని గంటల సంది ఆగకుంట ఉరుకుతున్నదో ఇప్పుడే తెలుసుకోవచ్చు.

ఓనర్ డ్రైవర్: ఫాస్టాగు టోలు దగ్గర చూస్తుంది, మిల్లు గేటు దగ్గర చూడదు. నా షరతు ఒక్కటే. లోపలికి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము గేటువాడే స్లిప్పు మీద వేసి స్టాంపు కొట్టాలి, ఈ-వే బిల్లుతో కలిపి పెట్టాలి. నాలుగు గంటలు దాటితే హాల్టింగు డబ్బు కిరాయితోపాటే రావాలి. ఆ గంటలు నా డ్యూటీలో పడాలి. రూలు తప్పితే ముందు పార్టీకి ఫైను, తర్వాత ట్రాన్స్‌పోర్టుకి, ఆ తర్వాత నాకు. అప్పుడు నీ ఎనిమిది గంటలకు నేను ఒప్పుకుంటా.

జీతం డ్రైవర్: స్లిప్పు కోసం యూనియన్ మీటింగుల నీ పక్కన నిలవడ్త. తెల్లారగట్ల రెండు నుంచి ఐదు దాక బండ్లు ఆపాలె అన్నది గూడ అండ్లనే రాయి. ఎంత నిద్రవోయి లేచినోడైనా ఆ టైముకు ఒళ్లు మాట వినది. గని స్లిప్పు వచ్చెదాక ఎప్పటిలెక్కనే నడుపుత అంటే మాత్రం నేనొప్ప. ఇయ్యాల లోడు దిగేసరికి అర్ధరాత్రి దాటుతది. ఆడనే పండుకో. రేపు పో.

ఓనర్ డ్రైవర్: అక్కడ పడుకుంటే పొద్దున్నే నో ఎంట్రీ పడుతుంది, బండి మళ్లీ చీకటి పడేదాకా సిటీ దాటదు. మధ్యాహ్నం నాచారంలో నాకు లోడింగు టోకెన్ ఉంది. ఆ ఇరుక్కున్న గంటలు ఎవరి ఖాతాలో రాయమంటావో చెప్పు, పడుకుంటాను.