కణమా, కోషమా? సరిహద్దు బడుల్లో విశ్వవిద్యాలయ ప్రసంగాలు

ఆంధ్ర సరిహద్దునున్న ఒడిశా జిల్లాలు గజపతి, రాయగడల్లో తొమ్మిదో తరగతి పిల్లల్ని ముందుముందు ఏం చదువుతారని అడిగితే వచ్చే జవాబులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. డాక్టరు, ఇంజినీరు, నర్సింగు, బీఈడీ, పోలీసు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. బడిలో వాళ్ళు చూసేవి లెక్కలు, సైన్సు, సోషలు, భాషలు, అంతే. భూగర్భశాస్త్రం, గణాంకశాస్త్రం, భాషాశాస్త్రం, మానవశాస్త్రం అనే చదువులున్నాయనీ, అవి చదివి బతుకుతున్న మనుషులున్నారనీ వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. పది అవగానే ప్లస్ టూలో సైన్సా, ఆర్ట్సా, కామర్సా అని తేల్చుకోవాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు ఇంటర్‌కి వెళ్ళే తెలుగు పిల్లలకైతే ఎంపీసీయా బైపీసీయా అన్నదొక్కటే ప్రశ్న. పేరైనా విననిదాన్ని ఎవరు ఎంచుకుంటారు?

విశ్వవిద్యాలయాలు లేక కాదు. బరంపురంలో 1967 నుంచి విశ్వవిద్యాలయం ఉంది. అదే ఊళ్ళో 2016లో సైన్సు చదువుకీ పరిశోధనకీ పెట్టిన కేంద్ర సంస్థ ఐసర్ వచ్చింది. కోరాపుట్‌లో 2009 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం నడుస్తోంది. అక్కడివాళ్ళు బడులకు వచ్చి మాట్లాడటం కూడా కొత్తేమీ కాదు. అయితే వచ్చినవాళ్ళు ఏం మాట్లాడాలి, ఎవరితో, ఏ భాషలో, ఎంతసేపు అన్నది ముందే కూర్చుని ఆలోచించుకున్న సందర్భాలు తక్కువ. ఆలోచించకుండా చేస్తే ప్రసంగం సభ అయిపోతుంది. మూడు వందల మంది పిల్లలు వరండాలో బాసింపట్లు వేసుకుని కూర్చుంటారు. వేదిక మీద పెద్దల పరిచయాలు, శాలువాలు, పుష్పగుచ్ఛాలకే ముప్పావుగంట పోతుంది. చివరికి వక్త చేతికి మైకు అందేసరికి భోజనాల గంట కొట్టే వేళవుతుంది. ఆ మిగిలిన పదిహేను నిమిషాల్లో "కష్టపడి చదవండి, కలలు కనండి" అనడం తప్ప ఆయనైనా ఏం చేయగలడు?

1825లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం క్రిస్మస్ ప్రసంగాలు మొదలయ్యాయి. అందులో మైకేల్ ఫారడే ఒక కొవ్వొత్తిని వెలిగించి, అది ఎలా మండుతుందన్న ఒక్క సంగతి పట్టుకుని రసాయనశాస్త్రం మొత్తానికి దారి చూపించాడు. ఆ పద్ధతికి ఇప్పటికీ తిరుగులేదు. ప్రసంగానికి ఒకే ప్రశ్న ఉండాలి, ఆ ప్రశ్న పిల్లల చేతికి తగిలేదై ఉండాలి. "గణాంకశాస్త్ర పరిచయం" అని పేరు పెడితే ఎవరికీ పట్టదు. "లెక్కపెట్టలేనిదాన్ని లెక్కపెట్టడం ఎలా?" అంటే వెనకబెంచీ కూడా తలెత్తుతుంది.

ఆ ప్రశ్నే తీసుకుందాం. గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల్లో వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. వాటిని ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టలేరు. తీరాన్ని పట్టీలుగా విడగొట్టి, కొన్ని పట్టీల్లో గుడ్లు పెడుతున్నవాటిని నిర్ణీత వ్యవధుల్లో లెక్కించి, దాన్నుంచి మొత్తాన్ని అంచనా వేస్తారు. అడవిలో పులులకు ఇంకో పద్ధతి ఉంది. కెమెరాలో ఒకసారి పడిన పులిని చారలను బట్టి గుర్తుపెట్టుకుని, మళ్ళీ తీసిన ఫొటోల్లో పాత పులులెన్ని, కొత్తవెన్ని అని చూస్తారు. ఈ రెండో పద్ధతిని తరగతి గదిలో చింతపిక్కలతో చేసి చూపించొచ్చు. ఇది డిగ్రీ స్థాయి గణాంకశాస్త్రం, అయినా కావలసిన లెక్క మాత్రం ఏడో తరగతి నిష్పత్తే.

యాభై మంది పిల్లలకు పది గుంపులు, గుంపుకొక గుడ్డసంచి. ఒక్కో సంచిలో 250 పిక్కలు ముందురోజు సాయంత్రమే లెక్కపెట్టి పోయాలి. మొత్తానికి రెండు కిలోల పిక్కలు చాలు. ఎన్ని పోశారో పిల్లలకు చెప్పకూడదు. ప్రతి సంచిలోంచి 40 పిక్కలు తీసి గోళ్ళరంగుతో చుక్క పెట్టి, ఆరాక మళ్ళీ అందులోనే వేసి బాగా కలపాలి. ఆ తర్వాత చూడకుండా 50 తీయాలి. వాటిలో రంగువి 8 ఉన్నాయనుకోండి. యాభైలో ఎనిమిది రంగువైతే మొత్తంలో నలభై రంగువి. కనుక 40ని 50తో గుణించి 8తో భాగిస్తే 250.

అన్ని గుంపులకూ 8 రావు. ఒకరికి 6 వస్తుంది, వాళ్ళ లెక్క 333. ఇంకొకరికి 10 వస్తుంది, వాళ్ళ లెక్క 200. పిల్లలు వెంటనే "మాది తప్పా, సార్?" అంటారు. ప్రసంగం మొత్తంలో విలువైన క్షణం అదే. తప్పు లేదు, ఒక్కసారి తీస్తే ఇంత తేడా వస్తుంది, పది గుంపుల జవాబులనూ బోర్డు మీద వరసగా రాసి చూస్తే అవి 250 చుట్టూ మూగుతాయి, ఆ మూగడాన్ని చదివే శాస్త్రమే గణాంకశాస్త్రం అని వక్త అక్కడ చెప్పాలి. పాఠ్యపుస్తకం చివర పేజీలో ఒకే జవాబు చూసి అలవాటైన పిల్లలకు ఇది నిజంగా కొత్త లోకం.

ఇక్కడ జరిగే పొరపాట్లు కూడా పాఠంలో భాగమే. రంగు ఆరకుండా వేసేస్తే పిక్కలు జంటలుగా అతుక్కుని కలిసే బయటికొస్తాయి, గుంపుకీ గుంపుకీ తేడా మరీ పెరిగిపోతుంది. అందుకని గంటసేపైనా ఆరబెట్టాలి. సరిగ్గా కలపకపోతే రంగువి పైనే ఉండి 16 దాకా వస్తాయి, అప్పుడు లెక్క 125కి పడిపోతుంది. సంచి బదులు పళ్ళెం వాడితే పిల్లలు రంగు చూసి ఏరతారు. రంగు కొన్నిటికి రాలిపోతే లెక్క పెరుగుతుందా, తగ్గుతుందా అని వక్త అడగాలి. అడిగి ఊరుకోవాలి, రెండు నిమిషాలు నిశ్శబ్దంగా ఉన్నా సరే. రాలిపోయినవి మామూలు పిక్కల్లో కలిసిపోతాయి కనుక రంగువి తక్కువ దొరుకుతాయి, అంచనా పెరుగుతుంది. ఈ ఒక్క మెట్టు ఎవరి సాయం లేకుండా ఎక్కిన పిల్లకి విశ్వవిద్యాలయం అంటే భయం సగం పోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, భాష. ఈ జిల్లాల్లో ఒకే తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడి ఒడియాలో చదివే పిల్లలుంటారు, తెలుగు మీడియం నుంచి మధ్యలో మారినవాళ్ళుంటారు, సవర, కువి మాట్లాడే ఇళ్ళవాళ్ళుంటారు. వచ్చే వక్త బెంగాలీయో మలయాళీయో కావచ్చు, మాట్లాడేది ఇంగ్లీషు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు రెండు భాషల్లోనూ ఒకటే కదా అనుకుంటే పొరపాటు. త్రిభుజం, పరమాణువు, త్వరణం వరకూ నిజమే. కానీ తెలుగు జీవశాస్త్రంలో సెల్ అంటే కణం. ఒడియాలో అది కోష. ఒడియాలో కణికా అంటే రేణువు. పైగా తెలుగులోనే భౌతికశాస్త్రానికి వచ్చేసరికి కణం మళ్ళీ రేణువైపోతుంది. "కణంలో కేంద్రకం" అన్న మాట విన్న పిల్ల ఏ కేంద్రకం ఊహించుకుంటుంది, జీవకణానిదా, పరమాణువుదా? వెలాసిటీని తెలుగు పుస్తకాల్లో వేగం అంటారు, ఒడియాలో పరిబేగ. తెలుగులో "వేగం" అంటే ఒడియా మీడియం పిల్లకు వట్టి "బేగ", అంటే స్పీడు, వినబడి, దిశ సంగతి జారిపోతుంది. ఇలాంటిచోట తెలివి తక్కువై పిల్లలు ఆగిపోరు, మాట దగ్గర ఆగిపోతారు.

దీనికి మందు వాక్యం వాక్యం అనువదించడం అనుకుంటారు. అది పనిచేయదు. ఇరవై అయిదు నిమిషాల మాట యాభై అవుతుంది, వక్త ఆలోచన ప్రతి పది సెకన్లకూ తెగుతుంది, పిల్లలు ఇంగ్లీషు వచ్చినంతసేపూ కిటికీ చూడటం అలవాటు చేసుకుంటారు. పనిచేసేది ఇంకోటుంది. వక్త తన ప్రసంగంలో తప్పించుకోలేని మాటలు పన్నెండుకి మించకుండా వారం ముందు పంపాలి. బడిలోని సైన్సు మాస్టారు, ఒడియా మాస్టారు కలిసి ఒక కాగితం మీద మూడు వరసల్లో తెలుగు మాట, ఒడియా మాట, ఇంగ్లీషు మాట రాయాలి. ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో, ఒడియా లిపిలో కూడా ఎలా పలకాలో రాయాలి. దాన్ని రెండు రోజుల ముందే పిల్లల చేతికిచ్చి, ప్రతి మాటకూ ఒక వస్తువో బొమ్మో చూపించి పది నిమిషాలు చెప్పాలి. ప్రసంగం రోజున వక్త ఏడెనిమిది నిమిషాలు మాట్లాడి ఆగుతారు, మాస్టారు రెండు నిమిషాల్లో అప్పటివరకూ నడిచింది సొంత మాటల్లో చెబుతారు. ఇలా మూడు విడతలు. అందుకే మాస్టారుకీ వక్తకీ మధ్య ముందుగా ఒక అరగంట ఫోను సంభాషణ తప్పనిసరి. శాలువా మానేయొచ్చు, దీన్ని మానకూడదు.

రాయి గురించిన ప్రసంగం ఈ ప్రాంతానికి ఇంకా దగ్గరిది. తూర్పు కనుమల్లో పిల్లలు రోజూ తొక్కే రాయి పేరు ఖొండలైట్. ఈ కొండల్లోని ఆదివాసులు కొంధ్ జనం పేరు మీదే ప్రపంచ భూగర్భశాస్త్రంలో ఆ పేరు నిలిచింది. కోణార్క గుడి ఎక్కువగా ఈ రాయితోనే కట్టారు. కోరాపుట్ కొండల మీద బాక్సైటు ఏర్పడింది కూడా ఈ రాయి లక్షల ఏళ్ళు వానకీ ఎండకీ శిథిలమవడం వల్లే. అయిదుగురికి ఒక రాయి ముక్క, ఒక పదింతల భూతద్దం, ఒక మేకు, ఒక గాజుముక్క ఇవ్వాలి. గాజు అంచులు ముందే గరుకు కాగితంతో రుద్ది ఉంచాలి, లేకపోతే మొదటి అయిదు నిమిషాల్లోనే వేలు తెగుతుంది. ఎర్రటి చుక్కలు గార్నెట్, మేకు వాటిని గీయలేదు, అవి గాజును గీస్తాయి. వేలికి బూడిదరంగు అంటితే అది గ్రాఫైటు, పెన్సిల్లో ఉండేదే. ఒకప్పుడు బంకమట్టిగా పేరుకున్న పదార్థం భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ ఇలా మారింది, ఆ మార్పు జరిగి సుమారు వంద కోట్ల ఏళ్ళయింది. ముక్కలు రోడ్డుపక్క కొత్తగా పగలగొట్టినవై ఉండాలి. ఎండకు ఎండి వానకు నాని తుప్పురంగు తిరిగిన ముక్కలో గార్నెట్ కనబడదు, పిల్లలు నిరాశపడతారు.

భాషాశాస్త్రానికైతే గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడిని మించిన చోటు లేదు. గిడుగు రామమూర్తి పంతులు ఈ ఊరి బళ్ళో మాస్టారుగా ఉంటూనే సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం మనకు తెలుసు, ఆగస్టు 29న తలుచుకుంటాం. కానీ ఆయన చేసిన ఈ రెండో పని ప్రపంచంలో భాషాశాస్త్రం చదివేవాళ్ళు ఇప్పటికీ చూసేది. "పులి నిన్ను పట్టుకుంటుంది" అన్న సంగతి సవరలో ఒక్క క్రియాపదంలో ఇమిడిపోతుంది. పట్టుకోవడం, పులి, నువ్వు, అన్నీ అందులోనే. తెలుగులో కర్త అలా క్రియ లోపలికి దూరదు, ఒడియాలోనూ దూరదు. ఎందుకు దూరదు అన్నదే విశ్వవిద్యాలయ స్థాయి ప్రశ్న. ఆ మాటను బోర్డు మీద రాసి, ముక్కలు చేయమని తరగతికి చెప్పి, ముందుగా సవర ఇంటి పిల్లనే పలకమనాలి. ఆమె ఒప్పుకుంటేనే. ఆ విషయం ముందురోజు మాస్టారు ఆమెను విడిగా అడిగి తెలుసుకోవాలి. రోజూ వెనక కూర్చునే పిల్ల ఆ గంటసేపు తరగతికి ఆధారమవుతుంది.

కాలం గురించి. ఫిబ్రవరి, మార్చిల్లో పరీక్షలు, ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు, జులై, ఆగస్టుల్లో వానలకు కొండదారులు నమ్మలేం. నవంబరు నుంచి జనవరి మధ్య వరకూ మంచి అదను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు చెప్పాలి, పదో తరగతికి అప్పటికే మనసు పరీక్ష మీద ఉంటుంది. రేకుల గదిలో వెలుతురెక్కువై ప్రొజెక్టరు బొమ్మ కనబడదు, కరెంటూ నమ్మకం లేదు, చార్టు కాగితాలు, సుద్దముక్క చాలు. బరంపురం నుంచి పర్లాకిమిడి వచ్చి వెళ్ళాలంటే ఎలాగూ ఒక రోజు పోతుంది కనుక పొద్దున ఒక బడి, మధ్యాహ్నం ఇంకో బడి పెట్టుకోవాలి. రెండుకి మించితే మూడోచోట మాట్లాడేది అలసటే. ప్రొఫెసర్ల కన్నా పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు నయం. పిల్లలకు వాళ్ళ వయసు అందుతుంది, ఇంకా తేలని ప్రశ్న వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

ప్రశ్నల సమయం ప్రసంగంతో సమానంగా ఉండాలి, ఇరవై నిమిషాలకు తగ్గకూడదు. "ఎవరైనా అడగండి" అంటే ముందువరస మగపిల్లలు ఇద్దరు అడుగుతారు. చీటీలు పంచి, పేరు లేకుండా, ఏ భాషలోనైనా ఏ లిపిలోనైనా రాయమంటే యాభైమందిలో ఎక్కువమంది రాస్తారు. వక్తకి జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పాలి. ఇంకా ఎవరికీ తెలియని సంగతైతే అదీ చెప్పాలి. పరిశోధన అంటే ఏమిటో పిల్లలకు అంతకన్నా బాగా తెలిసే దారి లేదు.

బాగుందా, బాగోలేదా అని ఫారాలు నింపించడం వల్ల తెలిసేది ఏమీ లేదు, అందరూ బాగుందనే రాస్తారు. వారం ఆగి మాస్టారు ఒక కాగితం ఇచ్చి రెండే అడగాలి. వచ్చినవారు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారు? ఆ జవాబు తప్పని తేలాలంటే ఏం కనబడాలి? రెండోదానికి నలుగురైదుగురు సరిగ్గా రాసినా ఆ ప్రయాణం వృథా కాలేదు. ఆ కాగితాలనూ, జవాబు దొరకని చీటీలనూ కలిపి వక్తకు పంపాలి. మూడు వారాల్లోపు వాటికి ఒక పేజీ ఉత్తరం రావాలి, దాన్ని నోటీసుబోర్డు మీద తెలుగులో, ఒడియాలో రెండింటా రాసి పెట్టాలి. అదే వక్త జనవరిలో మళ్ళీ వస్తే, అప్పుడు పిక్కల సంచి పిల్లలే సిద్ధం చేసి ఉంచుతారు, ఎన్ని పోశారో ఈసారి ఆయనకు చెప్పరు.